చాకు కొనడానికి నెల పట్టింది

వంటింట్లో కత్తికి మనం ఇచ్చే మర్యాద జేబులో ఉన్న కత్తికి ఇవ్వం. కత్తిపీట లేని ఇల్లు ఇల్లే కాదంటాం. అదే ఓ మగమనిషి జేబులోంచి చాకు తీసి జామకాయ కోసుకుంటే, బస్సులో పక్క సీటాయన బెత్తెడు దూరం జరిగి కూర్చుంటాడు. నా జేబులో పాతికేళ్లుగా ఏదో ఒక చాకు ఉంటోంది. నేనేమీ సినిమాల్లో చూపించే బాపతు మనిషిని కాను. రొయ్యల గుంటల మీద టెక్నీషియన్ని. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లో గుంటల గట్ల మీద తిరగడం నా ఉద్యోగం. మేత బస్తా కుట్టు విప్పాలన్నా, ఏరియేటర్ రెక్కలకు చుట్టుకున్న నైలాన్ తాడు కోసి తీయాలన్నా, చెక్ ట్రేకి కట్టిన దారం తెంచాలన్నా, మధ్యాహ్నం గట్టు మీద కొబ్బరాకు నీడన కూర్చుని పుల్లమామిడి చెక్కాలన్నా ఆ చాకే.

అసలు జేబు చాకు మన సంప్రదాయం కాదంటారు కొందరు. మరి తాతల మొలతాడుకి తాళంచెవుల పక్కన వేలాడిందేమిటి? వక్కలకు అడకత్తెర, తాటిచెట్టెక్కేవాడి నడుముకు గీతకత్తి, ముంజెలు కొట్టేవాడి చేతిలో వంకీకత్తి, బాలింత తలగడ కింద పీడకలలు రాకుండా పెట్టే చిన్న కత్తి... ఇన్ని ఉండేవి. మా తరానికి వచ్చేసరికి పెన్సిల్ చెక్కుకునే సగం బ్లేడు మిగిలింది. ఆ తర్వాత నెయిల్ కట్టర్. ప్రతి నెయిల్ కట్టర్‌కూ వెనకాల మడిచిపెట్టిన బుల్లి చాకు ఒకటి ఉంటుంది చూడండి. దాంతో ఎవరైనా ఏదైనా కోయగా నేను ఇంతవరకు చూడలేదు. అయినా ప్రతివాళ్లూ కొనేముందు దాన్ని ఒకసారి తెరిచి చూసి, తృప్తిగా తల ఊపి మరీ కొంటారు.

ఇంతకీ ఈసారి చాకు నాకోసం కాదు. మా మేనల్లుడి కోసం.

మా అక్కను ఇచ్చింది మైపాడు పక్కన పల్లెలో. బావ ఫైబర్ బోటు మీద వేటకు పోతాడు. మేనల్లుడు ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరి, ఏడాది తిరక్కుండానే 'నేనూ వేటకి పోతా' అని ఇంటికొచ్చి కూర్చున్నాడు. అక్క ఏడ్చింది. బావ ఏమీ అనలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ బోటు ఒడ్డు మీదే ఉంటుంది. వలలు అల్లుకునేవాళ్లు, ఇంజన్లు విప్పుకునేవాళ్లు. ఆ ఖాళీలో ఓరోజు నేను వెళ్తే బావ పంచె కాస్త పైకి లాగి, ఎడమకాలి మడమ పైన ఉన్న మచ్చ చూపించాడు. నాకు తెలిసిన మచ్చే. వాడికి చూపించడం కోసం మళ్లీ చూపించాడు.

పన్నెండేళ్ల కిందటి మాట. తెల్లవారుజామున వల వదుల్తున్నారు. బోటు ముందుకు పోతుంటే వల తన బరువుతో తనే జారిపోతూ ఉంటుంది, వెనకాలే మోకు. కాళ్ల దగ్గర చుట్టలు చుట్టలుగా పడున్న మోకులో బావ అడుగు పడింది. అంతే.

"సర్రుమనింది. ఏందో అర్థమయ్యేలోపల కాలు పైకి లేచిపొయ్యింది. బోటు అంచు పట్టుకుని యాలాడతుండా. వల లాగతానే ఉండాది. చెయ్యి వదిల్తే పొయ్యేది నేనే" అన్నాడు.

అరవడానికి కూడా వ్యవధి లేదట. ఇంజన్ దగ్గరున్నవాడు ఆపేశాడు గానీ బోటు ఆపగానే ఆగే బండి కాదు. బోటులో ఓ పెద్దాయన ఉండేవాడు. అందరూ తాతా అని పిలిచేవాళ్లు. విరిగిన హాక్సా బ్లేడు ముక్కను రాయి మీద నూరి, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి, ప్లాస్టిక్ పైపు ముక్కలో దోపి మొలకు కట్టుకునేవాడు. ఆయన ఒక చేత్తో బోటు తెడ్డుచెక్క పట్టుకుని, రెండో చేత్తో కత్తి లాగి, బావ కాలికీ వలకూ మధ్య మోకు మీద ఆనించాడు. బిగిసి ఉన్న మోకు. కోయనక్కర్లేదు, కత్తి తగిలితే చాలు, పటుక్కున తెగింది. వల తేలుబెండ్లతో సహా కొట్టుకుపోయింది. రెండు గంటల తర్వాత వెతికి పట్టుకున్నారు. బావ నెల రోజులు నడవలేదు.

"ఆ కత్తి మడత కత్తి అయ్యుంటే?" అన్నాడు బావ, నా జేబుకేసి చూస్తూ. "తాతకి ఒక చెయ్యే ఖాళీ."

నేను జవాబు చెప్పలేదు. వాడికి మంచి కత్తి నేనే కొనిపెడతానని మాత్రం అన్నాను.

మొదట నెల్లూరు చిన్నబజారులో ఓ ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన తల ఎత్తకుండానే "ఏం కొయ్యాల సార్?" అన్నాడు. చాకుల గురించి నేను విన్న మాటల్లో అంత తెలివైన మాట ఇంకోటి లేదు. మనం బజారుకు వెళ్లి ఏ చాకు బాగుంది, ఎన్ని బ్లేడులున్నాయి, ఎంత మెరుస్తోంది అని చూస్తాం. ఏం కోయాలో అనుకోం. నాకైతే బస్తా దారం, పండు, కవరు. దీనికి రెండంగుళాల బ్లేడు చాలు. వాడికి తడి మోకు, అదీ బతుకో చావో అన్న క్షణంలో. రెండింటికీ ఒకే చాకు సరిపోదని అక్కడే తేలిపోయింది. ఆయన దగ్గర ఉన్నవన్నీ కూరగాయల చాకులూ, కొబ్బరి కత్తులూ.

తర్వాత ఇంట్లో బీరువా తీశాను. మా వైపు ఊళ్ల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో. అలా వెళ్లిన మా పినతండ్రి కొడుకు ఎప్పుడో తెచ్చిచ్చిన ఎర్రటి స్విస్ చాకు ఒకటి అందులో ఉంది. ఇలాంటిది చాలా ఇళ్లలో ఉంటుంది, పెట్టె కూడా విప్పకుండా. దీని కథ ముచ్చటగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సనర్ అనే ఆయన 1884లో ఇబాక్ అనే ఊళ్లో కత్తుల పని మొదలుపెట్టాడు. అప్పట్లో వాళ్ల సైన్యానికి చాకులు జర్మనీ నుంచి వచ్చేవి. మన సిపాయికి మన చాకే ఉండాలని పట్టుబట్టి 1891లో సైన్యానికి చాకులు చేసి ఇచ్చాడు. ఇప్పుడు మనం చూసే రకానికి మూలమైన ఆఫీసర్ చాకును 1897లో నమోదు చేయించాడు. తల్లి విక్టోరియా 1909లో పోతే ఆవిడ పేరే సరుకు మీద వేసుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వచ్చాక దానికి ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు 'ఇనాక్స్' కూడా కలిపి విక్టోరినాక్స్ అయింది. అమ్మ పేరూ ఉక్కు పేరూ కలిసిన చాకన్నమాట.

జేబుకి దానికి సాటి లేదంటాను. కానీ దాన్ని తెరవాలంటే బ్లేడు మీదున్న చిన్న గాటులో గోరు పెట్టి లాగాలి. రెండు చేతులూ కావాలి, పొడి చేతులు కావాలి. చేప జిగురు అంటిన వేళ్లతో ఓసారి ప్రయత్నించి చూడండి. పైగా మామూలు స్విస్ చాకులకి తెరిచిన బ్లేడును గట్టిగా పట్టి ఉంచే లాక్ ఉండదు, స్ప్రింగు బిగువే ఆధారం. పండు కోయడానికి అది చాలు. పొడిచినట్టు నొక్కితే మాత్రం బ్లేడు మడుచుకుని వేళ్ల మీదకే వస్తుంది. మీ పిల్లలకు మొదటి చాకు ఇచ్చేముందు ఈ ఒక్క ముక్కా చెప్పండి.

ఫ్రాన్సువాళ్ల ఒపినెల్ అని చెక్కపిడి చాకు ఉంది. 1890లో ఓ పల్లెటూరి కమ్మరి ఇంట్లో పుట్టింది. బ్లేడు మొదట్లో ఒక ఉక్కు కడియం ఉంటుంది, దాన్ని తిప్పితే బ్లేడు కదలదు. ఆ కడియం 1955లో వచ్చింది. చవక, తేలిక, పదును చూస్తే మా అమ్మ కత్తిపీట సిగ్గుపడాలి. కానీ చెక్క కదా, తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బితే బ్లేడు పిడిలో ఇరుక్కుపోయి రాదు. సముద్రం మీదకు అది ఎట్టా?

మా తీరంలో చాకుకు అసలు శత్రువు మనిషి కాదు, గాలి. కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు, ఫ్రిజ్జు అడుగు, ఏదీ వదలదు. మా ఊరి కమ్మరి పాత లారీ కమాన్ పట్టీని కాల్చి కొట్టి కొడవలి చేస్తే, ఆ ఉక్కు ముందు కంపెనీ సరుకు దిగదుడుపే. రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే చాలు, వెంట్రుక తెగుతుంది. కానీ రాత్రి ఆరుబయట వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. స్టెయిన్‌లెస్ అంటే మచ్చే పడదని మనవాళ్ల నమ్మకం. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించనంత పలచటి పొర కడుతుంది. ఆ పొరే కాపలా. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ తినేస్తుంది. అందుకే స్టెయిన్‌లెస్ చాకు అంతా ఎర్రబడదు గానీ, సూదిమొనంత నల్లచుక్కలు పడి లోపలికి తొలుచుకుపోతాయి. కార్బన్ తగ్గించి నైట్రోజన్ చేర్చిన ఉక్కు ఒకటి జపాన్‌వాళ్లు చేశారు. అది సముద్రపు నీళ్లకు లొంగదు. దాంతో చేసిన చాకు ధర వింటే నేను లొంగిపోయాను. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తే మామూలు స్టెయిన్‌లెస్ కూడా ఏళ్లకేళ్లు వస్తుంది. మడత చాకైతే కీలులో దూరిన ఇసుకా ఉప్పూ పోయేదాకా కడగాలి. కీలే లేని కత్తికి ఆ బాధా లేదు.

అలా తిరిగి తిరిగి, తాత హాక్సా బ్లేడు దగ్గరికే వచ్చాను. మడత వద్దు. మొలకు కట్టుకునే ఒర ఉండాలి. ఒక చేత్తో లాగేలా ఉండాలి, తలకిందులుగా వేలాడినా ఒరలోంచి జారకూడదు.

పదును సంగతి వచ్చేసరికి మళ్లీ సందేహం. ఇప్పటి మోకుల్లో చాలావాటిది పాలీప్రొపిలిన్. నీళ్ల మీద తేలుతుంది, నున్నగా ఉంటుంది. బిగిసి ఉంటే ఏ కత్తికైనా తెగుతుంది. వదులుగా ఉన్నప్పుడు మాత్రం నున్నటి పదును దాని మీద జారిపోతుంది. రంపప్పళ్ల అంచు అయితే కరుచుకుంటుంది. కానీ పళ్లున్న అంచును ఇంట్లో నూరుకోవడం కష్టం. సగం పళ్లు, సగం నున్నటి అంచు ఉన్నది తీసుకుంటే రెండింటికీ మధ్యేమార్గం. చెన్నైలో కాశిమేడు హార్బరు దగ్గర పడవ సామాన్ల కొట్లో అలాంటిది దొరికింది. మూడున్నర అంగుళాల బ్లేడు, పసుపురంగు ప్లాస్టిక్ పిడి, ఒర. ఆరువందల యాభై రూపాయలు. కొట్టువాడు ఓ మోకు ముక్క ఇచ్చి కోసి చూసుకోమన్నాడు. తడిపి ఇవ్వమన్నాను. నన్ను వింతగా చూసి, బాటిల్లో నీళ్లు పోసి ఇచ్చాడు. రెండు గుంజులకు తెగింది. ఆ పసుపురంగు నాకు నచ్చదు గానీ, బోటు అడుగున వలల కింద పడితే నల్లపిడి ఎవడికి కనబడుతుంది?

ఇంటికొచ్చాక దాని మొన కొట్టేయించాను. మేనల్లుడు లబోదిబోమన్నాడు. "ఇదేం కత్తి మామా, మొన ల్యా! మావోళ్లు నవ్వతారు" అన్నాడు. ఊగే బోటులో, పక్కవాడి కాలికి చుట్టుకున్న తాడు కోసేటప్పుడు మొన ఉంటే ముందు దిగేది పక్కవాడి కాల్లోనే. పడవలవాళ్ల కోసం కొన్ని కంపెనీలు మొన లేకుండానే కత్తులు చేస్తాయి. గ్రైండర్ మీద మొన అరగదీసేటప్పుడు నేనే దగ్గరుండి, ప్రతి రెండు సెకన్లకూ నీళ్లలో ముంచమని చెప్పాను. ఉక్కు నీలంగా మారిందంటే వేడికి దాని గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. వీధిలో 'సాన పెడతాం' అని వచ్చేవాళ్లకు కత్తి ఇచ్చేటప్పుడు కూడా ఇది గమనించండి. అసలు చిన్న చాకుకు సానవాడి అవసరమే లేదు. ఊరగాయ జాడీ బోర్లించండి. అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీద చాకును కాస్త వాల్చి, పలచగా ముక్క కోస్తున్నట్టు ఈ వైపు పదిసార్లు ఆ వైపు పదిసార్లు లాగితే చాలు. జాడీలో ఆవకాయ ఉన్నప్పుడు మాత్రం వద్దు. మా ఆవిడ ఒప్పుకోదు.

చాకు జేబులో ఉంటే పోలీసులు పట్టుకోరా అని అడిగేవాళ్లుంటారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తుల గురించి మాట్లాడతాయి. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ చేసినవి ఆ లెక్కలోకి రావు. కానీ మీట నొక్కితే టక్కున తెరుచుకునే బటన్ చాకు సంగతి వేరు. ఢిల్లీలో 1980లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మూడంగుళాల బటన్ చాకు దగ్గరున్నా కేసే. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఆ చాకులకు పేరు. పాత హిందీ సినిమాల్లో విలన్ చేతిలో టక్కుమని విచ్చుకునేది ఆ 'రాంపురి'నే. 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. బొమ్మగా చూడ్డానికి బాగుంటుంది, జేబులోకి మాత్రం వద్దు. ఆత్మరక్షణకని చాకు కొనేవాళ్లకు కూడా నాదదే మాట. గొడవలో చాకు తీసినవాడి చేతిలోనే అది చివరిదాకా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. విమానం ఎక్కేటప్పుడు ఎంత చిన్నదైనా చేతిసంచిలో పెట్టుకోకండి. అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, దర్శనానికి వెళ్లేటప్పుడు చాకు ఇంట్లోనే. చాకు మీద లోకానికున్న అనుమానం ఎంతదాకా వచ్చిందంటే, బ్లేడే లేని చాకులు తయారుచేసే ఆలోచనలో ఉన్నామని 2024లో విక్టోరినాక్స్ వాళ్లే చెప్పారు.

జూన్ 14న సాయంత్రం కత్తి తీసుకుని అక్కవాళ్లింటికి వెళ్లాను. బోటుకు పసుపు, కుంకుమ పెట్టి ఉంది. మేనల్లుడి చేతికి ఇవ్వబోతుంటే అక్క గసిరింది.

"చేతికీబాక! కింద పెట్టు, వాడే తీసుకుంటాడు."

కత్తి, ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయని కదా మనవాళ్లు అనేది. అరుగు మీద పెట్టాను. వాడు తీసుకున్నాడు. బావ దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని, ఒర తలకిందులు చేసి నాలుగుసార్లు విదిలించాడు. పడలేదు. కళ్లు మూసుకుని తియ్యమన్నాడు. వాడు నవ్వుతూ తీశాడు. "ఎడం చేత్తో" అన్నాడు బావ. తియ్యలేకపోయాడు. ఒరను కుడిపక్క నుంచి బొడ్డు దగ్గరికి జరిపి కట్టాడు బావ. అప్పుడు రెండు చేతులకూ అందింది. నెల రోజులు బజార్లన్నీ తిరిగిన నాకు ఈ సంగతి తట్టనేలేదు. అక్క లోపలికెళ్లిపోయింది. చేపల పులుసు కలుపుతున్నట్టు గిన్నెల చప్పుడు చేసింది గానీ, ఆ పూట ఇంట్లో చేపల్లేవు.

ఆ రాత్రి వాళ్లు పోయారు. మర్నాడు మధ్యాహ్నం దాకా నేను గుంటల మీద ఉన్నాను గానీ, ఫోను చేతిలోనే ఉంది.

ఇప్పటివరకు ఆ కత్తితో మోకు కోయాల్సిన అవసరం వాడికి రాలేదు. చేపల పెట్టెల తాళ్లు కోశాడు, తేలుబెండ్లు చెక్కాడు, ఎవరిదో పంకాకి చుట్టుకున్న చిరుగు వల తీశాడు. ఈ ఫిబ్రవరిలో మాత్రం పొద్దున్నే ఫోన్ చేశాడు. అది మా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి ఏటా ఎన్నో కనిపిస్తాయి. అదీ మనలాగే గాలి పీల్చాల్సిన ప్రాణి కదా, నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే చచ్చిపోతుంది.

"మామా, తాబేలు పడింది వల్లో. బతికే ఉండాది. రెక్కకి చుట్టుకుపోయింటే కోసేశా. మొన ల్యాకపొయ్యేది మంచిదే అయింది, అది ఒకటే కొట్టుకుంటా ఉండె" అన్నాడు.

వెనకాల నుంచి బావ గొంతు వినబడింది. "ఎంత వల కోశాడో కూడా చెప్పమను మీ మామకి. కుట్టేదానికి ఆయన్నే రమ్మను."

ఆదివారం వెళ్లి కూర్చున్నాను. మూడు గంటలు పట్టింది. వల కుట్టే దారం తెంచడానికి నా జేబులో చాకే తీశాను.